నా పేగుల మీద పేచీ

నాన్న ఆబ్దికం నాడు నేను నాలుగు గారెలు తిన్నానన్న దగ్గర మొదలైంది. నాలుగు కాదు, ఆరు. వడ్డించిన పిన్ని లెక్కపెట్టి మరీ బయటపెట్టింది.

కాకినాడలో బాబాయి ఇంటి వెనక వసారా. ఆయన సర్జన్‌గా చేసి ఆరేళ్ల కిందట మానుకున్నాడు. చివరి పన్నెండేళ్లూ బరువు తగ్గించే బైపాస్‌లు కూడా చేశాడు. మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఇప్పుడు అవే చేస్తుంది. నాకు 52 ఏళ్లు, 168 సెంటీమీటర్ల పొడవు, 121 కిలోల బరువు. బీఎంఐ 43కి కాస్త తక్కువ. పదకొండేళ్లుగా షుగర్, అందులో నాలుగేళ్లుగా ఇన్సులిన్. నాన్న పోయిందీ షుగర్‌తోనే, కాలు తీసేసిన ఏడాదికి. నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించాలన్న దాంట్లో ఈ ఇద్దరు డాక్టర్లదీ ఒకటే మాట. ఎలాంటి బైపాస్ అన్న దగ్గరే చెడింది. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని నేను అక్కడ లేనట్టే వాదించుకున్నారు. గుర్తున్నంతవరకూ రాస్తున్నాను.

పిన్ని పాత మంచానికి అల్లించడానికి తెచ్చిన కొత్త నవారు చుట్ట గుమ్మం పక్కన ఉంది. బాబాయి దాన్ని లాక్కున్నాడు.

బాబాయి: ఇది చిన్నపేగు అనుకోండి. పొట్ట సంగతి ముందు చెబుతా. అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసే చోటు ఉంది చూశావా, దానికి అయిదారు సెంటీమీటర్ల దిగువన స్టేప్లర్ పెట్టి అడ్డంగా ఒకసారి, అక్కణ్ణుంచి పైకి నిలువుగా రెండు మూడు సార్లు కోస్తాం. కోస్తూనే రెండంచుల్నీ కుట్టేస్తుందది. పైన మిగిలేది ఉగ్గుగిన్నెడు సంచి. ముప్పై మిల్లీలీటర్లకు మించదు. కింది పెద్ద పొట్టని తీసి పారెయ్యం, లోపలే ఉంటుంది, దానికి అన్నం చేరదు, అంతే. ఇక పేగు. మొదటి నుంచి యాభై సెంటీమీటర్లు కొలిచి... ఏమేవ్, కత్తెర ఇలా తే.

పిన్ని వంటింట్లోంచి కత్తెర పంపింది, ఎందుకో అడగలేదు. నవారు కసుక్కున తెగింది.

బాబాయి: కింది ముక్క కొసని పైకి తెచ్చి ఆ చిన్న సంచికి అతుకుతాం. అన్నం ఇటు దిగుతుంది. పై ముక్కలోంచి పసరూ, క్లోమరసమూ వస్తుంటాయి. దాని కొసని, అన్నం దిగే దారిలో నూరు నుంచి నూటయాభై సెంటీమీటర్ల దిగువన అతుకుతాం. చూడు, ఇంగ్లీషు వై అక్షరం. ఒక కొమ్మలో అన్నం, ఇంకో కొమ్మలో రసాలు, కాండంలో రెండూ కలుస్తాయి. స్విట్జర్లాండ్‌లో, లోసాన్‌లో, సీజర్ రూ అనే సర్జన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే వేసిన దారి ఇది. బరువు తగ్గించడానికి కాదు, పొట్ట కింద దారి మూసుకుపోయిన రోగుల కోసం. అందుకే దీన్ని రూ-ఎన్-వై అంటాం. పసరు పైకి తన్నదు. దీని గొప్పంతా అదే.

మేనకోడలు: తాతయ్యా, ఆ మిగిలిన చుట్ట ఇటివ్వండి. కత్తెర మీ దగ్గరే ఉంచుకోండి, నాకక్కర్లేదు.

బాబాయి: మొదలెట్టింది ఎకసెక్కం.

మేనకోడలు: ఎకసెక్కం కాదండీ, నిజంగానే అక్కర్లేదు. నేను పొట్టని కురచగా కోయను, పొడుగ్గా గొట్టంలా మిగులుస్తాను. పొట్ట వంపు తిరుగుతుంది చూశారా, అక్కడ మొదలుపెట్టి పైదాకా. తర్వాత పేగుని మొదటి నుంచి రెండు మీటర్లు లెక్కపెట్టి, తెంచకుండా, ఇలా మెలిక తిప్పి పైకి తెచ్చి గొట్టం అడుగుకి అతుకుతాను. అయిపోయింది. ఒకటే అతుకు. లీకయ్యే చోటు ఒకటే. బల్ల మీద మత్తులో ఉండే సమయం తక్కువ. రేపు ఏదైనా తేడా వస్తే విప్పడం కూడా తేలిక, పేగు తెగలేదు కాబట్టి.

ఆవిడ నవారుని సేఫ్టీ పిన్నుతో కుర్చీ కుషన్‌కి గుచ్చింది. పక్కపక్కన రెండు పేగులు. బాబాయి దానికి రెండు పిన్నులు, ఈవిడ దానికి ఒకటి. నాకు చూడగానే ఒక పిన్ను ఉన్నదే నచ్చింది. కడుపు కోయించుకోబోయేవాడి లెక్క ఇలాగే ఉంటుంది.

బాబాయి: పసరు మాటేమిటి?

మేనకోడలు: వస్తున్నా. అసలు గ్యాస్ట్రిక్ బైపాస్ పుట్టిందే మెలికతో కదండీ. 1966లో అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో చేసిన మొదటి ఆపరేషన్‌లో వై లేదు. పుండు కోసం సగం పొట్ట తీయించుకున్నవాళ్లు చిక్కిపోయి, మళ్లీ ఒళ్లు చేయడం లేదని మేసన్ గమనించాడు. ఆ ఇబ్బందినే వైద్యంగా మార్చాడు.

బాబాయి: కథ సగంలో ఆపకు. మెలిక పెట్టించుకున్నవాళ్లు పచ్చగా పసరు కక్కుకుంటుంటే 1977లో గ్రిఫెన్ అనేవాడు ఆ వై తెచ్చిపెట్టాడు. పదకొండేళ్లు రోగులు పడ్డ పాట్లు నేర్పిన పాఠమది. ఆ తర్వాత 1997లో రట్లెడ్జ్ వచ్చి, ఆ పాఠం చెరిపేసి, మినీ బైపాస్ అని ముద్దుపేరు పెట్టాడు. మినీ ఏమిటి? బైపాస్ చేసిన పేగు నా దానికంటే నాలుగింతలైతేనూ!

మేనకోడలు: పేరు గురించి మీతో పేచీ లేదు, మేమూ ఇప్పుడు ఒకే అతుకు బైపాస్ అనే అంటున్నాం. కానీ మేసన్ సంచి వేరు, రట్లెడ్జ్ గొట్టం వేరు. మేసన్‌ది పైన అడ్డంగా, వెడల్పుగా ఉండేది. అతుకు అన్నవాహికకి బెత్తెడు దూరంలో. పసరు వచ్చిందంటే నేరుగా అన్నవాహికలోకే. రట్లెడ్జ్ గొట్టం నిలువుగా, సన్నగా ఉంటుంది, అతుకు ఎక్కడో కింద. పసరు వచ్చినా అక్కడే తచ్చాడి కిందికి జారుతుంది.

బాబాయి: 'వచ్చినా' అన్నావు. రాసుకో రా ఒరేయ్. వస్తుందన్నమాట.

మేనకోడలు: కొందరికి వస్తుంది. మందులకి లొంగకపోతే అప్పుడు పేగు తెంచి మీ వై లాగే మారుస్తాం. ఆ దారి ఉంది.

బాబాయి: అంటే చివరికి నా ఇంటికే వస్తారు, ఒక ఆపరేషన్ ఎక్కువ చేయించుకుని. అదీగాక, ఏళ్ల తరబడి పసరు తగిలిన పొరలో కేన్సర్ పుడుతుందేమోనని నాకు భయం.

మేనకోడలు: రుజువుందా తాతయ్యా?

బాబాయి: గట్టి రుజువు లేదు. ఉన్నది భయమే.

నిజాయితీగా ఒప్పుకున్నాడని నాకు ముచ్చటేసింది. ఆవిడ మాత్రం అదే అదనుగా బాబాయి నవారు వైపు వంగింది. కొమ్మ ఎత్తి, దాని కింది సందులోకి గాజుల చెయ్యి మోచేతిదాకా దూర్చింది.

మేనకోడలు: ఇప్పుడు దీని సంగతి చెప్పండి. పేగు ఊరికే గాలిలో వేలాడదు, వెనక పొర ఉంటుంది. మీరు పేగు తెంచి పైకి తెచ్చినప్పుడు ఆ పొరలో సందులు పడతాయి. రెండో అతుకు దగ్గర ఒకటి, పైకి తెచ్చిన కొమ్మ వెనక పీటర్సన్ సందు ఒకటి. పాత పద్ధతిలో పెద్దపేగు వెనక నుంచి తెచ్చేవాళ్లు కాబట్టి అక్కడ మూడోది. రోగి ముప్పై నలభై కిలోలు తగ్గేసరికి లోపలి కొవ్వు కూడా కరుగుతుంది. ఆపరేషన్ నాడు వేలు పట్టని సందు ఏడాది తిరిగేసరికి చెయ్యి పట్టేలా తయారవుతుంది. పేగు అందులో దూరి మెలికపడితే?

బాబాయి కాసేపు మాట్లాడలేదు. నవారు కొస వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు.

బాబాయి: నా చేతిలోనే ఒకటి జరిగింది. ఊరు పేరొద్దు. ఆపరేషన్ అయి రెండేళ్లు. అరవై కిలోలకి వచ్చి, పూలు పెట్టుకుని, చెకప్‌కి నవ్వుతూ వచ్చే పిల్ల. ఒక రాత్రి కడుపునొప్పని అక్కడి ఆస్పత్రికి వెళ్తే గ్యాస్ అన్నారు, సూది వేసి పంపేశారు. పొద్దున మళ్లీ వెళ్తే మళ్లీ గ్యాసే. పొట్ట ఉబ్బలేదు, వాంతులు పెద్దగా లేవు, ఎక్స్‌రే మామూలుగానే ఉంది. వాళ్లని అని ఏం లాభం, బైపాస్ అయిన కడుపు ఎలా ఉంటుందో వాళ్లకెవరు చెప్పారు? నా దగ్గరకొచ్చేసరికి ముప్పై గంటలు దాటింది. తెరిచి చూస్తే మీటరున్నర పేగు నల్లగా ఉంది. బతికింది. కానీ మునుపటి మనిషి కాలేదు.

మేనకోడలు: ఆ సందులు మీరు కుట్టలేదా?

బాబాయి: అప్పటికి కుట్టేవాణ్ణి కాదు. ఎవరూ పెద్దగా కుట్టేవారు కాదు. స్వీడన్ వాళ్లు రెండున్నర వేలమంది మీద పెట్టి చూసి 2016లో చెప్పారు కదా. కుట్టనివాళ్లలో మూడేళ్లలో నూటికి పదిమందిని పేగు మూసుకుపోయి మళ్లీ బల్లెక్కించాల్సి వచ్చింది, కుట్టినవాళ్లలో అయిదారుగురినే.

మేనకోడలు: అదే కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. కుట్టినవాళ్లలో మొదటి నెలలో పెద్ద తంటాలు ఎక్కువ. కుట్టు బిగిసి రెండో అతుకు దగ్గర పేగు మడతపడింది. నా పద్ధతిలో ఆ రెండో అతుకే లేదు, ఆ సందూ లేదు. పీటర్సన్ సందు ఉంటుంది, అందులో పేగు ఇరుక్కోవడం అరుదు.

ఈ రౌండు ఆవిడదే అనుకున్నాను. బాబాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

బాబాయి: సరే. ఇప్పుడు ఫ్రాన్స్‌కి పోదాం పద. 2019, లాన్సెట్ పత్రిక.

మేనకోడలు: నేనే ఎత్తుదామనుకున్నా. 253 మంది, తొమ్మిది ఆస్పత్రులు, సగంమందికి మీది, సగంమందికి మాది. రెండేళ్లకి బరువు తగ్గడంలో తేడా లేదు.

బాబాయి: తేడా లేదు. మరి పెద్ద తంటాలు? మాలో 24, మీలో 42. అందులో తొమ్మిది పోషకాలు చాలక వచ్చినవి. మాలో అలాంటిది ఒక్కటీ లేదు. విరేచనాలు సరేసరి. ఒకే బరువు తగ్గడానికి ఎక్కువ బాధ ఎందుకు పడాలి మావాడు?

మేనకోడలు: అక్కడ అందరికీ గుడ్డిగా రెండు మీటర్లు పెట్టారు. నేనలా చేయను. మనిషి మనిషికీ చిన్నపేగు పొడవు వేరు. ఒకరికి నాలుగు మీటర్లుంటే ఇంకొకరికి ఎనిమిది ఉండొచ్చు. నాలుగున్నవాడికి రెండు దాటేస్తే ఏం మిగిలింది? ముందు పేగంతా కొలిచి, అన్నం ఒంటబట్టడానికి కనీసం మూడు మీటర్లు మిగిలేలా చూసుకుని, అప్పుడు మెలిక ఎక్కడో తేలుస్తాను. అవసరమైతే నూటయాభై దగ్గరే ఆగుతా.

బాబాయి: కొలుస్తావు, బాగుంది. దేంతో? పేగేమైనా నవారా? లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. పట్టకారుతో పదేసి సెంటీమీటర్లు అంచనాగా లెక్కపెడతావు. నువ్వు లెక్కపెడితే ఆరు మీటర్లు, నేను పెడితే ఏడు.

మేనకోడలు: అంచనా తప్పొచ్చు. అసలు అంచనా వేయకపోవడం కంటే నయం. మీ వైలో మీరెప్పుడైనా మొత్తం కొలిచారా?

బాబాయి: లేదు. మాకు అవసరం పడలేదు, మేం దాటేసేది తక్కువ కాబట్టి.

ఇక్కడ నేను నోరు విప్పాను. ఈ గొడవంతా ఎందుకు, అందరూ స్లీవ్ అంటున్నారుగా, మౌంజారో అనే సూది కూడా వచ్చిందిగా అని. ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. స్లీవ్‌లో పొట్టని నిలువునా కోసి ముప్పాతిక వంతు తీసి పారేస్తారు, అతుకుల బెడద లేదు, కానీ గొంతు మంట ఉన్నవాడికి అది పెరగొచ్చు అని ఆవిడ. సూదులు మంచివే, మానేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగొస్తుంది, నెలనెలా ఆ ఖర్చు నువ్వు పెట్టగలవా అని ఈయన. మళ్లీ తమ గొడవలో పడ్డారు. షుగర్ దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే గొంతు అయింది. పేగు దారి మార్చిన కొద్ది రోజులకే, బరువు ఇంకా దిగకముందే, షుగర్ దిగడం మొదలవుతుందట. అమెరికాలో వాల్టర్ పోరీస్ 1995లో ఈ సంగతి రాస్తూ, ఎవరనుకున్నారు ఇలా అవుతుందని, అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టాడట. నాలుగేళ్లుగా ఇన్సులిన్ మీదున్న నాకు పూర్తిగా పోతుందన్న భరోసా మాత్రం ఇద్దరూ ఇవ్వలేదు.

బాబాయి: అతుకులు ఎన్నన్నది అలా ఉంచు. ఒక్కటైనా రెండైనా, వీడు రేపటినుంచి ఏం మింగుతాడు? బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్. నెలా రెండు నెలలు కాదు, బతికున్నన్నాళ్లూ. ఏడాదికోసారి రక్తపరీక్ష. వీడి సంగతి నాకు తెలీదా, బీపీ మాత్రే మూడురోజులకోసారి వేస్తాడు. అందుకే తక్కువ పేగు దాటేసే నా పద్ధతి. తప్పు చేసినా కాస్త తట్టుకుంటుంది.

మేనకోడలు: ఈ ఒక్కటి ఒప్పుకుంటున్నానండీ. నా దగ్గర చేయించుకుని ఫోన్లు ఎత్తనివాళ్లు ఉన్నారు. అన్నిటికంటే నాకు భయం బీ1. మొదటి రెండు మూడు నెలల్లో ఎవరికైనా ఆగని వాంతులు పట్టుకుంటే ఒంట్లో ఉన్న కాస్త బీ1 అయిపోతుంది. అప్పుడు పక్కవీధి ఆర్‌ఎంపీ దగ్గరకి వెళ్తారు. నీరసంగా ఉందంటే ఆయనేం చేస్తాడు మావయ్యా?

ఏం చేస్తాడో నాకు చెప్పక్కర్లేదు. సామర్లకోట దగ్గర మా ఊళ్లో జ్వరమొచ్చినా, దెబ్బతగిలినా, సంబంధం తప్పిపోయి దిగులుపడ్డా ఒకటే వైద్యం.

నేను: గ్లూకోజ్ బాటిల్ తగిలిస్తాడు.

మేనకోడలు: ఆ గ్లూకోజ్‌ని అరిగించుకోవడానికి మిగిలిన బీ1 కూడా ఖర్చయిపోతుంది. కళ్లు తిరుగుతాయి, చూపు రెండుగా పడుతుంది, నడక తూలుతుంది, మతి తప్పుతుంది. మెదడు దెబ్బతిన్నాక తిరిగి రాకపోవచ్చు. ముందు బీ1 సూది, తర్వాతే గ్లూకోజ్. డిశ్చార్జి కాగితం మీద ఈ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి ఇస్తున్నాను. మా ఆస్పత్రిలో దాన్ని చూసి నవ్వారు కూడా.

బాబాయి: నవ్వనీ. నాకూ ఒకటి పంపు.

మొత్తం వాదనలో బాబాయి ఆవిణ్ణి ఏదైనా కావాలని అడిగింది ఇక్కడే. నాకు ఆపరేషన్ల తేడా కంటే ఆ కాగితమే ఎక్కువ అర్థమైంది. అతుకు వేసేది రెండు గంటలు, ఆ తర్వాత నేనుండేది సామర్లకోట దగ్గర.

ఇంతలో పిన్ని గిన్నెలో పరమాన్నం తెచ్చి పెట్టింది. బైపాస్ అయ్యాక ఇది తింటే ఏమవుతుందని అడిగాను. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి, పావుగంటలో చెమటలు, గుండెదడ, కడుపులో తిప్పడం అని మేనకోడలు చెబుతుండగానే బాబాయి రెండు చెంచాలు తిన్నాడు.

మేనకోడలు: సరే, కేసు షీటు నింపుదాం. సిగరెట్? లేదు. మావయ్యా, రాత్రిళ్లు గుండెల్లో మంట వస్తుందా? పుల్లగా గొంతులోకి ఎగదన్నడం?

నేను: లేదు.

పిన్ని: ఎందుకు లేదూ? చొక్కా ఉతకడానికి వేస్తే జేబులో రెండు ఈనో పొట్లాలు. రాత్రి తలగడలు రెండు వేసుకుని కూర్చున్నట్టే పడుకుంటాడు.

గారెల లెక్క చెప్పిన నోరే. నాకు కోపమొచ్చింది. మేనకోడలు మాత్రం నవ్వలేదు.

మేనకోడలు: ఎన్నాళ్లుగా?

నేను: రెండేళ్లు... మూడేమో.

ఆవిడ కుషన్ దగ్గరికి వెళ్లి తన సేఫ్టీ పిన్ను తీసేసింది. మెలిక తిప్పిన నవారు జారి కింద పడింది. బాబాయి గెలిచినట్టు మొహం పెట్టలేదు. పెట్టి ఉంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణే.

మేనకోడలు: ముందు ఎండోస్కోపీ. అన్నవాహిక అడుగున ఒరిసిపోయిందేమో, పొట్ట పైకి జారి ఉందేమో చూడాలి. ఉంటే నేను నీకు ఒకే అతుకు వెయ్యను. మంట ఉన్నవాడికి పసరు కూడా తోడయితే నేను ఒప్పుకోను. లేకపోతే మళ్లీ మాట్లాడదాం. తాతయ్యా, అప్పుడు మాత్రం వదలను.

బాబాయి: ఒరేయ్, మోకాళ్లకి ఏం వేస్తున్నావు?

నేను: డైక్లోఫెనాక్.

బాబాయి: ఇవాళ్టితో సరి. వైలోనూ, మెలికలోనూ, ఆ మాత్ర వేసుకుంటే అతుకు దగ్గర పుండు పడుతుంది. అతుకు ఎంత చక్కగా వేసినా, నీలం రంగు నీళ్లు పోసి చుక్క లీకు లేదని చూసుకుని బయటికొచ్చినా, ఆ మాత్ర దాన్ని తినేస్తుంది.

అప్పుడు పిన్ని చూసింది నవారు. ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని, పొడవాటిదాన్ని మంచం పట్టెకి ఆనించి కొలిచింది. చాల్లేదు.

పిన్ని: ఇప్పుడు దీన్నేం చేసుకోను? కలిపి కుడితే నడుం కింద గుచ్చుకుంటుంది.

బాబాయి: నేను కుడతానుగా, గుచ్చుకోకుండా. దబ్బనం తే.

పిన్ని: కళ్లజోడు తెచ్చుకోండి ముందు.

దబ్బనం వచ్చింది, పురికొస వచ్చింది. ముక్కలు రెండూ ఎదురెదురుగా పట్టుకుని మేనకోడలు నేల మీద కూర్చుంది. బాబాయి మొదటి కుట్టు లోపలి నుంచి వేశాడు, ముడి బయటికి కనబడకుండా.

"లాగి పట్టుకోకు," అన్నాడు. "అంచులు వాటంతటవే వచ్చి ఆనాలి."

"నాకు చెబుతున్నారా తాతయ్యా?" అంది, చేతులు కాస్త వదులు చేస్తూ.